పట్టికలో లేని టోమ్

ముఖో రేవులో చేపల బజారు వెనక, పచ్చిచేపల హోటలు పై అంతస్తులో నాకొక పాటల గది ఉండేది. ఇప్పటికీ ఉంది గానీ, అప్పట్లో అది కొత్త. దేశమంతటా వీధికొకటి చొప్పున పాటల గదులు పుట్టుకొస్తున్న రోజులవి. నాలుగు చిన్న గదులు, గదికొక టీవీ, ఒక యంత్రం, రెండు మైకులు. లావుపాటి పుస్తకంలో పాట నంబరు వెతికి నొక్కితే సంగీతం మొదలవుతుంది, తెర మీద పాట అక్షరాలు నడుస్తాయి. ఏ అక్షరం రంగు మారితే ఆ అక్షరం పాడాలి. పాడేవాడికి గొంతు లేకపోయినా ఫరవాలేదు, చదవడం వస్తే చాలు. నా బేరం అంతా ఆ ధైర్యం మీదే నడిచేది.

తాక్ పన్సూ నాకు సొంత అన్న కాదు గానీ అంతకంటే ఎక్కువ. చిన్నప్పుడు నన్ను నీళ్ళలోకి తోసి ఈత నేర్పినవాడు. ఆయనకొక పడవ ఉంది, దానితో స్క్విడ్ వేట. మనిషి మాట్లాడడు. ఎవరైనా పది మాటలు అడిగితే ఒక 'ఊఁ' అంటాడు. ఆయన లోటు కూడా కలిపి మాట్లాడేది మా వదిన ఓక్ మల్సూన్. రేవులో స్క్విడ్ కోసి ఎండబెట్టే ఆడవాళ్ళలో అందరికంటే చెయ్యీ చురుకు, నోరూ చురుకు.

రేవులో పడవలన్నీ 'థోంగ్ థోంగ్' అంటూ వస్తాయి. మా పిల్లలు వాటిని ఆ పేరుతోనే పిలుస్తారు. పన్సూ అన్న పడవది మాత్రం వేరే గొంతు. ఎప్పుడో బండకు కొట్టుకుని పొగగొట్టం సొట్టపోయింది. దాంతో చప్పుడు బయటికి రాబోయి లోపలే ఆగిపోయినట్టు, ఎవరో నోరు తెరిచి వెంటనే పెదవులు మూసినట్టు ఉండేది. టోమ్, టోమ్, టోమ్. వదిన తెల్లవారుజామున గట్టు మీద కూర్చుని తలెత్తకుండా స్క్విడ్ కోసుకుంటూనే, ఆ చప్పుడు వినబడగానే పొయ్యి మీద పులుసు పెట్టేది. పడవ ఎక్కడుందో ఏనాడూ కళ్ళతో చూసుకోలేదు.

ఆ ధ్యాసలోనే ఒక పాట కట్టింది.

*రేవుకొచ్చే పడవలన్నీ థోంగ్ థోంగ్ అంటాయి,*
*నా వాడి పడవొక్కటే టోమ్ టోమ్ అంటుంది.*
*కళ్ళు మూసుకు కూచున్నా, వచ్చింది నువ్వేనని*
*కుండలో పులుసుకి తెలుసు, టోమ్ టోమ్.*

పనిలో పనిగా పాడుకునేది. హైవే పక్క హోటళ్ళలో క్యాసెట్లు అమ్మే ఒకాయన కింద హోటల్లో భోంచేస్తూ అది విని, ఆమెను కాంగ్‌నుంగ్ పట్నం తీసుకెళ్ళి రికార్డు చేయించాడు. క్యాసెట్టు మీద ఆమె బొమ్మ వేశారు. ఎర్ర హాన్‌బోక్ గౌను, పెద్ద జుట్టు. ఆ బొమ్మ చూసి మేమెవరం ఆమెను గుర్తుపట్టలేదు. లారీ డ్రైవర్లకు పాట నచ్చింది. ఏడాది తిరిగేసరికి మా యంత్రాలు చేసే సియోల్ కంపెనీ కూడా దాన్ని తన పుస్తకంలో చేర్చింది.

కొత్త పాటల చిప్పు వచ్చిన రోజు నేను ఉన్నవాటిలో పెద్ద గది బేరానికి ఇవ్వకుండా ఆపాను. సగం రేవు అందులో కూరుకుంది. వదిన నిజంగానే ఎర్ర హాన్‌బోక్ కట్టుకొచ్చింది. పన్సూ అన్న తలకు నూనె రాసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను నంబరు నొక్కాను. సముద్రం బొమ్మ వచ్చింది, పాట పేరు వచ్చింది, కింద ఆమె పేరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నువ్వు పాడొద్దు వదినా, ముందు మేం పాడతాం, నువ్వు విను," అని మైకు లాక్కున్నాడు బాంగ్ దాల్గూ. ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రేవులో ఎవరికి ఏ పేరు పెట్టినా వాడే పెడతాడు.

మొదటి పంక్తి బాగానే పాడాడు. రెండోదాని చివరికొచ్చేసరికి తెర మీద అక్షరాలు ఉండాల్సిన చోట రెండు ఖాళీ గడులు కనబడ్డాయి. నాలుగు గీతలు గీసి మధ్యలో ఏమీ లేకుండా వదిలేసినట్టున్నాయి. సంగీతం ఆగదు కదా. గడులు రంగు మారుతున్నాయి. దాల్గూకి తెర మీద ఉన్నది పాడడం అలవాటు.

"నా వాడి పడవొక్కటే డబ్బా డబ్బా అంటుంది," అని పాడేశాడు.

గది పగిలిపోయేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనివాళ్ళు ఇద్దరే. వదిన మైకు లాక్కుని మిగతాది తను పాడింది. కానీ చివరి పంక్తి దగ్గర గదిలో ఉన్నవాళ్ళంతా కలిసి ఆమె గొంతు మించి 'డబ్బా డబ్బా' అన్నారు. తెర మీద అదే ఉంది మరి.

"అది మిషన్లో ఏదో చిన్న తప్పు వదినా," అన్నాను.

"తప్పయితే ఇంకెక్కడైనా పడొచ్చుగా? సరిగ్గా నా మొగుడి మీదే ఎందుకు పడింది?" అంది.

మర్నాడు పొద్దున్నే మా కౌంటరు దగ్గరకొచ్చి కంపెనీకి ఫోన్ చేయించింది. నలుగురి చేతులు మారాక మా జుంగ్యూ అనే కుర్రాడి దగ్గరికి చేరింది. 'మా' అన్నది వాడి ఇంటిపేరే, ఉద్యోగం ఇంజనీరు. ఫోనులో స్పీకరు పెట్టాను.

"చెప్పండి పిన్నిగారూ."

"బాబూ, మీ మిషన్లో నా పాటకి చిల్లులు పడ్డాయి. టోమ్ అని ఉండాల్సిన చోట డబ్బాలొస్తున్నాయి."

కాసేపు కీబోర్డు చప్పుడు వినబడింది. "అవునండీ. ఆ అక్షరం లేదండీ."

"లేదంటే? అయిపోయిందా?"

"అసలు లేదండీ పిన్నిగారూ. కంప్యూటర్లో అలాంటి అక్షరం లేదు."

"నేను రోజూ పొద్దున్నే వింటున్నా కదయ్యా."

"వినడానికి ఉంటుందండీ. రాయడానికి లేదు."

"ఎందుకు లేదు? ఇప్పుడే వీడి గాజు తలుపు మీద ఆవిరి పడితే వేలితో రాశా. కావాలంటే గిల్జూనడుగు. ఒరేయ్ గిల్జూ, ఉందా లేదా?"

"ఉంది," అన్నాను నేను. నిజంగానే రాసింది. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ చదవడానికి వస్తోంది.

"చేత్తో రాస్తే ఏదైనా వస్తుందండీ," అన్నాడు మా జుంగ్యూ. పాపం, వాడి గొంతులో విసుగు లేదు. "మిషన్‌కి మాత్రం లేదు. మీరు బాధపడకండి. వచ్చే చిప్పులో దానికి దగ్గరగా ఉన్న అక్షరం ఏదైనా పెట్టమని చెబుతా."

"దగ్గరగా ఉన్నదంటే?"

"అలాంటిదే ఇంకోటి అండీ," అని ఫోను పెట్టేశాడు.

తర్వాతి చిప్పు వచ్చేసరికి డబ్బాలు పోయాయి. వాటి స్థానంలో చక్కగా, గుండ్రంగా, ఏ చిల్లూ లేకుండా 'టోంగ్ టోంగ్' అని పడింది. చెవికి దగ్గరే. కాకపోతే మా భాషలో టోంగ్ అంటే పెంట.

*నా వాడి పడవొక్కటే పెంట పెంట అంటుంది.*

ఆ పాట ఒక్కసారిగా పిల్లలకు ప్రాణమైపోయింది. బడి వదలగానే గుంపులుగా వచ్చి అదే నంబరు నొక్కేవారు. నాకు బేరం పెరిగింది, మొహం చెల్లకుండా పోయింది. వదిన ఎదురైతే వేరే సందులోంచి వెళ్ళేవాణ్ణి. ఇక పన్సూ అన్న సంగతి చెప్పక్కర్లేదు. వేలంపాట దగ్గర ఆయన స్క్విడ్ బుట్టలు దించుతుంటే ముక్కులు మూసుకునేవాళ్ళు.

"అన్నా, నీ పడవొస్తుంటే ముందు గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నిలబడాల్సొస్తోంది," అన్నాడు దాల్గూ.

అన్న 'ఊఁ' అన్నాడు.

"కోప్పడకన్నా. ఊరంతా నీ పడవ పేరే. సియోల్లో కూడా పాడుతున్నారంట."

ఈసారి అన్న 'ఊఁ' కూడా అనలేదు. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా పడవ తీసుకుని పక్క రేవులో ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. సొట్టగొట్టం తీయించి కొత్త గొట్టం పెట్టించాడు. అక్కణ్ణుంచే వేటకెళ్ళిపోయాడు.

తెల్లవారింది. వదిన ఎప్పటిలాగే గట్టు మీద తలొంచుకుని స్క్విడ్ కోస్తోంది. పడవలు వస్తున్నాయి. థోంగ్ థోంగ్. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. పులుసు కుండ పొయ్యి పక్కనే ఉంది, నిప్పు మీదికి ఎక్కలేదు. సూర్యుడు బాగా పైకొచ్చాడు. పక్కనున్న ఆడవాళ్ళు చేతులు కడుక్కుని లేస్తున్నారు. అప్పటికి ఆమె కత్తి ఆగింది.

"మా ఆయన రాలేదు," అంది.

"వచ్చేసుంటాడులే, చూసుకోలేదేమో," అన్నారెవరో.

"నేనెప్పుడు చూశాను? వినబడలేదు."

రేవులో ఆడవాళ్ళు ఆ మాట తేలిగ్గా తీసుకోరు. సముద్రం ఆ పొద్దున ప్రశాంతంగా ఉంది గానీ రాత్రి కొంచెం గాలి వీచింది. వదిన పరుగెత్తుకుంటూ మత్స్య సహకార సంఘం ఆఫీసుకెళ్ళింది. అక్కడి గుమస్తా రిజిస్టరు తిప్పబోతే చెయ్యి పట్టుకుని, "అది తర్వాత చూద్దువు గానీ, ముందు మైకు పట్టుకో," అంది. రేవు మొత్తానికి వినబడే లౌడ్ స్పీకర్లు మోగాయి. "తాక్ పన్సూ గారి పడవ ఇంకా తిరిగి రాలేదు. రాత్రి వారిని చూసినవారు వెంటనే ఆఫీసుకు తెలపండి. పెద్ద పడవల యజమానులు సిద్ధంగా ఉండగలరు."

నేను పాటల గది మూసేసి కిందికి పరుగెత్తాను. దాల్గూ ఐసు బండి నడివీధిలో వదిలేసి వచ్చాడు. వాడి మొహం తెల్లబోయింది. "నేనెందుకన్నానురా ఆ మాటలు," అని నా చొక్కా పట్టుకున్నాడు. అయిదారు పడవలు ఇంజన్లు స్టార్ట్ చేశాయి. కోస్టుగార్డుకు ఫోను వెళ్ళింది. వదిన గట్టు చివర నిలబడి, చెవుల వెనక రెండు చేతులూ పెట్టుకుని సముద్రం వైపు వింటోంది. చుట్టూ అన్ని ఇంజన్లు మోగుతుంటే ఏం వినబడుతుంది? "ఆపండ్రా మీ పడవలు, నన్ను విననివ్వండి," అని అరుస్తోంది.

వెతకడానికి వెళ్తున్న పడవల్లో ఒకదాని వాడు తాడు విప్పబోతూ పక్కకు చూసి, "పన్సూ అన్న పడవ ఇక్కడే కట్టేసుందేంటి?" అన్నాడు.

అందరూ అటు చూశారు. కట్టేసే ఉంది. బుట్టలు కడిగి బోర్లించి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే బజారు వైపు నుంచి పన్సూ అన్న వచ్చాడు. ఒంటి మీద నిక్కరు, మెడలో తువ్వాలు. కాళ్ళకు వేడినీళ్ళ స్నానశాలవాళ్ళ ప్లాస్టిక్ చెప్పులు, అవీ రెండు వేర్వేరు రంగులవి. ఒళ్ళంతా ఎర్రగా ఉడికిపోయి ఉంది. స్నానశాల తొట్టిలో మెడదాకా మునిగి కళ్ళు మూసుకుని ఉండగా, తను సముద్రంలో తప్పిపోయినట్టు లౌడ్ స్పీకర్లో విన్నాడట. పక్కనున్న ముసలాయన కళ్ళు తెరిచి చూసి, "నువ్వేనా ఆ పన్సూ? అయితే వెళ్ళి దొరకవయ్యా," అన్నాడట.

వదిన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ముందు ఏడ్చింది. తర్వాత చేతికున్న రబ్బరు తొడుగు ఊడదీసి, దాంతో ఆయన్ని వీపు మీద, భుజం మీద, ఎక్కడ అందితే అక్కడ కొట్టింది. అది స్క్విడ్ నీళ్ళతో తడిసి ఉండడం వల్ల ప్రతి దెబ్బా రేవంతా వినబడింది.

"ఏమయ్యా, ఎప్పుడొచ్చావు?"

"పొద్దున."

"ఎలా వచ్చావు? ఈదుకుంటూ వచ్చావా? నాకెందుకు వినబడలా?"

అన్న నేల చూశాడు. "గొట్టం మార్పించా."

వదిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చివరికి మెల్లగా, "నాకు చెప్పకుండా నీ గొంతు మార్పించుకున్నావా," అంది.

అప్పుడు పన్సూ అన్న మాట్లాడాడు. పెళ్ళినాడు కూడా అంత మాట్లాడి ఉండడు. "ఊరంతా పెంట పెంట అంటుంటే ఎలా రమ్మంటావు ఆ చప్పుడు చేసుకుంటూ? తెర మీద ఆ మాట ఉన్నంతకాలం పాత గొట్టం పెట్టను. కొడితే కొట్టు."

దాల్గూ వెనక్కి వెనక్కి జరిగి మెల్లగా తన ఐసు బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం సియోల్ బస్సెక్కాం. కంపెనీ అడ్రసు నా దగ్గరుంది కాబట్టి నేను. పాట ఆమెది కాబట్టి ఆమె. పడవ ఆయనది కాబట్టి ఆయన. తైగ్వల్యోంగ్ కనుమ మలుపుల్లో పన్సూ అన్నకు వాంతులయ్యాయి. తుఫానులో నిలబడి అన్నం తినే మనిషి బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వేలాడుతుంటే వదిన వీపు నిమురుతూ, "సముద్రం మీద ఇలా అయితే నేను పొయ్యి వెలిగించేదాన్నే కాదు," అంది.

కంపెనీ ఒక పాత భవనంలో మూడో అంతస్తు. వరసగా కంప్యూటర్లు, మధ్యలో నూడుల్స్ గిన్నెలు. మా జుంగ్యూ మేం అనుకున్నదానికంటే చిన్నవాడు, మెడ సన్నం, కళ్ళద్దాలు లావు. వదిన తెచ్చిన ఎండు స్క్విడ్ కట్ట వాడి కీబోర్డు మీద పెట్టింది. వాసనకు గది మొత్తం తలెత్తి చూసింది.

"మీరే టోమ్ పిన్నిగారా?" అన్నాడు వాడు లేచి నిలబడి.

"నేనే. ఈయన టోమ్. ఇప్పుడు చెప్పు, పెంట ఎవరు పెట్టారు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "నేను దగ్గరగా ఉన్నది పెట్టమన్నానండీ. టైపు చేసే అమ్మాయి పట్టికలో వెతికితే ఆ వరసలో అదే దొరికింది."

"అసలేంటయ్యా ఆ పట్టిక? నాకర్థమయ్యేలా చెప్పు. మా చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఇన్ని హల్లులు, ఇన్ని అచ్చులు అని నేర్పించి, పైన ఒకటి, పక్కన ఒకటి, కింద ఒకటి పేర్చుకోండి, ఏ చప్పుడైనా రాసుకోండి అన్నారు. ఒక్కపూటలో నేర్చుకున్నా. కుక్క అరుపు రాశా, తలుపు కిర్రుమన్నది రాశా. మరి ఇంత పెద్ద మిషన్‌కి ఆ మాత్రం రాదా?"

"వస్తుందండీ. కొన్ని మిషన్లు అలాగే ముక్కలు పేర్చుకుంటాయి. కానీ ప్రభుత్వం ప్రమాణంగా పెట్టింది ఇంకో పద్ధతి. అందులో ముక్కలుండవు. ముందే పేర్చేసిన అక్షరాలుంటాయి. ఒక్కోదానికీ ఒక్కో నంబరు. అన్నీ పెట్టడానికి చోటు చాలక, ఎక్కువగా వాడేవాటిని రెండువేల మూడువందల యాభైని ఏరి పెట్టారు. వాటిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే..."

"డబ్బా."

"డబ్బాయేనండీ."

వదిన కాస్త ఆలోచించింది. "అంటే పిండి ఉంది, కూరముక్కలున్నాయి, ఆవిరిపాత్ర ఉంది. కానీ అరలో చేసిపెట్టిన మండూ కుడుము లేదు కాబట్టి మండూయే లేదంటావు."

"అంతేనండీ," అన్నాడు మా జుంగ్యూ. నాలుగేళ్ళు చదివి తను చెప్పలేకపోయినదాన్ని ఎవరో చెప్పినట్టు కాదు గానీ, ఆకలిగా ఉన్నవాడికి తిండి మాట వినబడినట్టు చూశాడు. తర్వాత కంప్యూటరు మీద ఆ వరస తెరిచి చూపించాడు. "ఇదిగోండి, ఇక్కడ టో ఉంది. కింద క్ చేరిస్తే టోక్ ఉంది. టోన్ ఉంది. టోల్ ఉంది. టోంగ్ ఉంది."

"టోమ్?"

"లేదు."

"వీధిలో ఇంటింటికీ వెళ్ళి మా ఇంటి ముందుకొచ్చేసరికి వెనక్కి తిరిగిపోయారా? పెంటకి చోటుంది, నా మొగుడి పడవకి లేదా?"

వెనకనుంచి అమ్మకాల మేనేజరు వచ్చి మమ్మల్ని చూసి, "ఆ పెంట పాట పాడినావిడ ఈవిడేనా?" అని ఎంతో సంతోషంగా చెయ్యి కలపబోయాడు. పిల్లలు తెగ పాడుతున్నారనీ, దయచేసి దాన్ని మార్చమని అడగొద్దనీ చెప్పాడు. పన్సూ అన్న ఆ చేతిని పట్టుకున్నాడు. తాళ్ళు లాగే చెయ్యి అది. ఊరికే పట్టుకుని వదల్లేదు. మేనేజరు నవ్వు క్రమంగా తగ్గిపోయింది. "మార్చొచ్చు, మార్చడంలో ఇబ్బందేం లేదు," అన్నాడు కాసేపటికి.

అప్పుడు మా జుంగ్యూ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ పట్టికలో ఎవరి అవసరానికి వాళ్ళు వాడుకోమని కొన్ని గదులు ఖాళీగా వదిలారట. అందులో ఒక గదిలో మనకు కావలసిన బొమ్మ గీసి పెట్టుకోవచ్చు. కానీ ఆ బొమ్మ వాళ్ళ కంపెనీ యంత్రాల్లోనే కనబడుతుంది. ఇంకో కంపెనీ యంత్రంలో అదే గదిలో ఇంకేదో ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు.

"ముఖోలో కనబడితే చాలు," అంది వదిన.

వాడు తెర మీద చిన్న చిన్న చుక్కల గళ్ళు తెరిచి, ఒక్కో చుక్కా నింపుతూ అక్షరం గీయడం మొదలుపెట్టాడు. వదిన వాడి భుజం మీదికి వంగి నిలబడింది. "ఆ పైది మరీ పలచగా ఉంది. కాస్త ఒళ్ళు చెయ్యనీ. కింద మ్ ఇంకొంచెం వెడల్పు పెట్టు." మా అక్షరాల్లో మ్ అంటే నలుపలకల గడే. అది గీయగానే పన్సూ అన్న వంగి చూసి, ఆ రోజుకి మొదటిసారి నోరు విప్పాడు.

"డబ్బా కిందికి పోయింది," అన్నాడు.

ఇంజనీరు నవ్వాడు, వదిన నవ్వింది, చివరికి అన్న కూడా నవ్వాడు. వెనక నూడుల్స్ తింటున్నవాళ్ళు ఏం జరిగిందో తెలియక మావైపు చూశారు.

ఊరికొచ్చాక మిగిలిన పని గొట్టం. ముగ్గురం పక్క రేవు మెకానిక్ దగ్గరికెళ్ళాం. పాత గొట్టం తీసుకెళ్ళి వాడు తన బొగ్గుల పొయ్యికి చిమ్నీగా పెట్టుకున్నాడు. కొత్త చిమ్నీ కొనిస్తే గానీ ఇవ్వనన్నాడు. కొనిచ్చాం. తీరా బిగించి ఇంజన్ స్టార్ట్ చేస్తే చప్పుడు అదీ కాదు, ఇదీ కాదు.

"ఇది టోన్," అంది వదిన కళ్ళు మూసుకుని.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు మెకానిక్.

"సొట్ట కాస్త ఉబ్బింది. ఒకటి వెయ్యి."

"ఇన్నేళ్ళూ బాగుచెయ్యమని వచ్చారు గానీ, చెడగొట్టమని నా దగ్గరికెవరూ రాలేదు," అని గొణుక్కుంటూ సుత్తితో ఒకటి వేశాడు.

"టోల్. ఇంకోటి."

ఇంకోటి వేశాడు. గొట్టం పెద్దగా మోగింది. నాకు కూడా స్పష్టంగా వినబడింది. వదిన కళ్ళు తెరవకుండానే, "అది మాత్రం వద్దు, అది వద్దు, తొందరగా ఇంకో దెబ్బ వెయ్యి," అంది.

ఆ దెబ్బతో పడవ పెదవులు మూసుకుంది. టోమ్, టోమ్, టోమ్. వదిన చాలాసేపు అలాగే వింటూ కూర్చుంది. మెకానిక్ కూడా సుత్తి పక్కన పెట్టి విన్నాడు. "ఏమో గానీ, వింటుంటే బాగానే ఉంది," అన్నాడు.

కొత్త చిప్పు వచ్చిన రోజు మళ్ళీ పెద్ద గది నిండింది. దాల్గూ బుద్ధిగా ఒక మూల కూర్చున్నాడు. మైకు ఇస్తామన్నా తీసుకోలేదు. వదిన పాడింది. తెర మీద ఆ అక్షరం వచ్చింది. మిగతా అక్షరాలకంటే కాస్త లావుగా, కాస్త వంకరగా, చేత్తో కుట్టిన బొత్తాంలా ఉంది గానీ ఉంది. పన్సూ అన్న తెరకు మరీ దగ్గరగా వెళ్ళి చూశాడు. వెనకవాళ్ళకు అడ్డమొస్తున్నాడని ఎవరూ అనలేదు.

రెండోసారి అందరూ కలిసి పాడారు. చరణం చివరికొచ్చేసరికి, తెర మీద అంత చక్కగా టోమ్ టోమ్ అని ఉన్నా, గది మొత్తం ఒక్క గొంతుతో 'డబ్బా డబ్బా' అంది. అలవాటు. వదిన వైపు చూశాను. ఆమె అందరికంటే గట్టిగా 'డబ్బా' అని పాడేసి, అప్పటికి గానీ ఏమన్నానో తెలుసుకోలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అన్న ఆమె వైపు చూశాడు. కొట్టడానికి చేతిలో రబ్బరు తొడుగు లేదు పాపం.

మా జుంగ్యూ తర్వాత మాకు బాగా దగ్గరయ్యాడు. వేసవిలో పెళ్ళాంతో వచ్చి పడవెక్కాడు, రేవు దాటకముందే వాంతి చేసుకున్నాడు. పన్సూ అన్న వాడి వీపు నిమిరాడు. బస్సులో తనకు జరిగింది మరిచిపోలేదు ఆయన. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వాడు నా పాటల గదికి ఫోను చేసి వదినను పిలవమన్నాడు. గొంతులో సంబరం.

"పిన్నిగారూ, కొత్త పట్టిక వచ్చింది. ప్రపంచం మొత్తానికి ఒకటే. ఈసారి ఏరడాలు లేవు. మన అక్షరాలు ఎన్ని విధాల పేర్చొచ్చో అన్నీ పెట్టేశారు. పదకొండువేల నూట డెబ్బై రెండు."

"అన్ని చప్పుళ్ళు ఎవరు చేస్తారయ్యా?"

"చెయ్యకపోయినా ఉంటాయండీ. మీ టోమ్ కూడా ఉంది. ఇక ఖాళీ గదిలో తలదాచుకోనక్కర్లేదు. సొంత నంబరు."

వదిన ఆ నంబరేమిటో అడగలేదు. చుట్టుపక్కల ఎవరున్నారని అడిగింది. వాడు చదివి వినిపించాడు. పెంట అయిదిళ్ళ అవతల. "సరే, అంత దూరముంటే ఫరవాలేదు," అంది.

ఆ ధైర్యంతో ఇంకో పాట కట్టింది, ఈసారి వాళ్ళత్తగారి సాధింపుల మీద. రికార్డు చేయించే ముందు మా జుంగ్యూకి ఫోన్ చేసి ఒక్కో పంక్తీ చదివింది. ఇది ఉందా, ఇది ఉందా అని అడిగింది. వాడు ఓపిగ్గా ప్రతిదానికీ ఉందండీ, ఉందండీ అన్నాడు. చిప్పు వచ్చింది, తెర మీద ఒక్క తప్పు లేదు. అత్తగారు స్వయంగా వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి పంక్తి నుంచి చివరిదాకా చదువుకుని, లేచి ఇంటికెళ్ళిపోయింది. ఆ నంబరు నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఎవరూ నొక్కరు.